స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినా నడక మెరుగవుతుందా? డిశ్చార్జి తర్వాత దొరకని వైద్యం గురించి మీరు తెలుసుకోవాల్సినవి

మీ ఇంట్లో పెద్దాయనకు స్ట్రోక్ వచ్చిందనుకోండి. 108 సమయానికి వచ్చింది. నాలుగున్నర గంటల్లోపే ఆస్పత్రికి చేర్చారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణం దక్కింది. కొన్ని రోజులకు డిశ్చార్జి చేశారు.

చేతికిచ్చిన కాగితంలో బీపీ మాత్ర ఎప్పుడు, కొలెస్ట్రాల్ మాత్ర ఎప్పుడు, రక్తం పలచబడే మాత్ర ఎన్నాళ్లు అన్నీ వివరంగా ఉంటాయి. చివర్లో మాత్రం చాలాసార్లు ఒకే ఒక్క ముక్క కనిపిస్తుంది: 'ఫిజియోథెరపీ చేయించండి'.

ఎక్కడ చేయించాలి? వారానికి ఎన్నిసార్లు? ఎంత గట్టిగా? డబ్బు ఎవరిస్తారు? వీటికి ఆ కాగితంలో జవాబు ఉండదు. కొన్ని వారాలు ఎవరో ఒకరు ఇంటికొచ్చి కాలు, చేయి ఆడిస్తారు. ఖర్చు భారమై ఆ తర్వాత అదీ ఆగిపోతుంది. 'ఆరు నెలల్లో వచ్చిందే వచ్చింది, ఇక రాదు' అని ఎవరో అంటారు. ఇల్లంతా దాన్నే నమ్మేస్తుంది.

ఆ మాట పూర్తిగా నిజం కాదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. స్ట్రోక్ వచ్చి ఏళ్లు గడిచినవారు కూడా తగిన పర్యవేక్షణలో గట్టిగా శ్రమిస్తే నడకలో మార్పు కనిపిస్తోంది. ఈ పద్ధతి పేరు హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్. జిమ్‌కు వెళ్లే కుర్రకారు 'హిట్' అని పిలిచేది ఇదే.

అసలు ఇదేమిటి, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి ప్రమాదం, మన ప్రభుత్వ వైద్యంలో దీనికి చోటెక్కడ? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏమిటీ వ్యాయామం?

కొద్ది సెకన్ల పాటు బాగా శ్రమించడం, వెంటనే కాసేపు ఆగడం, మళ్లీ శ్రమించడం. సూత్రం ఇంతే. ఒకే వేగంతో అరగంట నడవడానికి బదులు, 30 సెకన్లు మీకు సాధ్యమైనంత వేగంగా నడుస్తారు. తర్వాత 30 నుంచి 60 సెకన్లు నిలబడి ఊపిరి తీసుకుంటారు. దాన్నే పదేపదే చేస్తారు.

మధ్యలో విశ్రాంతి ఉంటుంది కాబట్టి, ఏకబిగిన చేయలేనంత శ్రమను కూడా ముక్కలుగా చేయగలుగుతారు. స్ట్రోక్ వచ్చినవారికి ఇది ముఖ్యం. ఒక కాలు బలహీనంగా ఉన్నప్పుడు గుండె అలిసేలోపే కాలు అలిసిపోతుంది. అందుకే మామూలు నడకలో వారి గుండెకు, ఊపిరితిత్తులకు తగినంత పని దొరకదు.

ఎంత శ్రమ అనేదాన్ని గుండె వేగంతో కొలుస్తారు. ఒక ఉదాహరణ చూడండి. 60 ఏళ్ల వ్యక్తికి 220 నుంచి వయసు తీసేస్తే 160 వస్తుంది. ఆయన గుండె గరిష్ఠ వేగానికి ఇది ఒక అంచనా. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 70 అనుకుంటే, మిగిలిన 90 ఆయన చేతిలో ఉన్న 'నిల్వ'. అందులో 40 శాతం వాడితే నాడి 106 దగ్గర ఉంటుంది. అది మధ్యస్థ శ్రమ. 60 శాతం దాటితే 124 పైకి వెళుతుంది. గట్టి శ్రమ అక్కడ మొదలవుతుంది.

అయితే ఈ లెక్క అందరికీ సరిపోదు. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవారి నాడి ఎంత శ్రమించినా అంతగా పెరగదు. చేతి వాచీ చూపే అంకెను నమ్ముకుని వేగం పెంచితే ప్రమాదం.

పరిశోధనల్లో ఏం తేలింది?

ఈ విషయంలో ఎక్కువగా చర్చకు వచ్చిన పరిశోధన అమెరికాలో జరిగింది. సిన్సినాటి, కాన్సస్, డెలావేర్‌లలోని 3 కేంద్రాల్లో చేశారు. ఫలితాలు 2023లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చాయి. స్ట్రోక్ వచ్చి 6 నెలల నుంచి 5 ఏళ్లు గడిచిన 55 మందిని రెండు బృందాలు చేశారు. రెండు బృందాలకూ 45 నిమిషాల చొప్పున, వారానికి 3 రోజులు, 12 వారాలు నడక శిక్షణ ఇచ్చారు. అంటే మొత్తం 36 సెషన్లు. ఒక బృందం మధ్యస్థ వేగంతో ఆగకుండా నడిచింది. రెండోది ఆగి ఆగి, గట్టిగా నడిచింది.

6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్నదే పరీక్ష. 12 వారాల తర్వాత మధ్యస్థ బృందం సగటున 44 మీటర్లు ఎక్కువ నడిచింది. గట్టిగా నడిచిన బృందం 71 మీటర్లు ఎక్కువ నడిచింది. రైలు ప్లాట్‌ఫామ్ మీద లెక్కేస్తే 71 మీటర్లంటే సుమారు 3 బోగీల పొడవు. ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయే మనిషికి, వీధి చివరి దుకాణం దాకా వెళ్లిరాగలిగే మనిషికి మధ్య ఉండే తేడా అది. వ్యాయామం వల్ల తీవ్రమైన ప్రమాదమేదీ జరగలేదని పరిశోధకులు నివేదించారు.

ఇందులో మరో సంగతి ఉంది. నాలుగు వారాల దగ్గర రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎనిమిదో వారానికి గానీ అది స్పష్టం కాలేదు. 'నెల రోజులు చేశాం, లాభం లేదు' అని మానేసేవారు గమనించాల్సిన విషయం ఇది.

2024లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకుల నాయకత్వంలో 82 మంది మీద చేసిన మరో అధ్యయనం 'స్ట్రోక్' పత్రికలో వచ్చింది. ఇందులో నడక లేదు. కూర్చుని చేతులు, కాళ్లు కలిపి ఆడించే యంత్రం మీద ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం నెమ్మదిగా చేయించారు. మొత్తం 19 నిమిషాలు. శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్ ఈ బృందంలో కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు పెరిగింది. 20 నుంచి 30 నిమిషాలు మధ్యస్థంగా చేసినవారిలో 1.8 పెరిగింది. అంటే తక్కువ సమయంలో దాదాపు రెట్టింపు ఫలితం. కానీ నడక దూరంలో రెండు బృందాల మధ్య తేడా రాలేదు. దేనికి సాధన చేస్తే అదే మెరుగవుతుందన్న పాత మాట ఇక్కడ గుర్తుకొస్తుంది.

ఈ అధ్యయనాలు చిన్నవి. పాల్గొన్నవారు వ్యాయామం చేయగలిగే స్థితిలో ఉన్నవారే. గుండె పరీక్షలు చేశాకే చేర్చుకున్నారు. పూర్తిగా మంచాన పడినవారికి ఈ అంకెలు వర్తిస్తాయని అనుకోకూడదు.

తొందరపడితే ఏమవుతుంది?

గట్టి వ్యాయామం మంచిదైతే మొదటి రోజు నుంచే మొదలుపెట్టొచ్చు కదా అనిపిస్తుంది. దాన్నీ పరీక్షించారు. ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది.

5 దేశాల్లోని 56 ఆస్పత్రుల్లో 2,104 మంది మీద జరిగిన 'అవర్ట్' అనే అధ్యయనం 2015లో లాన్సెట్‌లో వచ్చింది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసార్లు లేపి కూర్చోబెట్టి, నడిపించినవారిలో 3 నెలల తర్వాత 46 శాతం మంది బాగా కోలుకున్నారు. మామూలు పద్ధతిలో చూసుకున్నవారిలో ఇది 50 శాతం. తొందరపాటు మేలు చేయకపోగా కొంత కీడే చేసింది.

జర్మనీలో 200 మంది మీద చేసిన మరో అధ్యయనం 2019లో బీఎంజేలో వచ్చింది. స్ట్రోక్ వచ్చిన 5 నుంచి 45 రోజుల మధ్య ట్రెడ్‌మిల్ శిక్షణ ఇచ్చినవారు, విశ్రాంతి కసరత్తులు మాత్రమే చేసినవారి కంటే మెరుగ్గా కోలుకోలేదు. పైగా వారిలో తీవ్రమైన ఆరోగ్య సమస్యలు ఎక్కువగా కనిపించాయి.

వీటన్నిటినీ కలిపి చూస్తే అర్థమయ్యేది ఇదీ. మొదటి రోజుల్లో వైద్యులు చెప్పిన మేరకే కదలిక. తర్వాతి వారాల్లో రోజువారీ పనులు మళ్లీ నేర్చుకునే ఫిజియోథెరపీ. ఆరు నెలలు దాటి, స్థితి నిలకడపడ్డాక, గుండె పరీక్షలయ్యాక గట్టి వ్యాయామం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన సూచనలు కూడా స్ట్రోక్ నుంచి కోలుకున్నవారికి వారానికి 3 నుంచి 5 రోజులు, 20 నుంచి 60 నిమిషాలు, మధ్యస్థం నుంచి కాస్త గట్టి శ్రమ దాకా చేయమంటున్నాయి.

యూట్యూబ్ చూసి ఇంట్లో చేయొచ్చా?

వద్దు. అమెరికా అధ్యయనంలో ట్రెడ్‌మిల్ మీద నడిచేటప్పుడు పడిపోకుండా పైనుంచి బెల్టు కట్టారు. పక్కన శిక్షణ పొందిన మనిషి ఉన్నారు. అంతకు ముందే ఈసీజీతో వ్యాయామ పరీక్ష చేశారు. మన దగ్గర టీఎంటీ అని పిలిచే పరీక్ష లాంటిదే ఇది.

బీపీ అదుపులో లేనివారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె లయ తప్పేవారు, గుండె కవాటం బాగా ఇరుకైనవారు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవారు దీని జోలికి వెళ్లకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారికి షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముంది. వ్యాయామం మధ్యలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం, కొత్తగా మూతి వంకరపోవడం, చేయి పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే ఆపి 108కు ఫోన్ చేయండి.

మన ప్రభుత్వ వైద్యంలో ఇది ఎక్కడుంది?

అసలు సమస్య ఇక్కడే. బయటి దేశాల్లో చర్చ 'ఎంత గట్టిగా చేయించాలి' అన్నదాని మీద నడుస్తోంది. మనకు మాత్రం 'అసలు చేయిస్తున్నామా' అన్న ప్రశ్నే ఇంకా తీరలేదు.

బ్రిటన్‌లో 2023 అక్టోబరులో నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్ట్రోక్ వచ్చినవారికి అవసరాన్ని బట్టి రోజుకు కనీసం 3 గంటల చొప్పున, వారానికి కనీసం 5 రోజులు పునరావాస చికిత్స అందించాలి. అక్కడ కూడా అది అందరికీ పూర్తిగా అందడం లేదు. అయినా ఎంత కావాలో ఒక అంకె రాసి పెట్టుకున్నారు. అడగడానికి ఒక కొలమానం ఉంది.

మన ఆరోగ్య బీమా పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్స చుట్టూ అల్లుకున్నవి. ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం అందుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అయితే ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాతి ఖర్చులు వర్తించేది 15 రోజుల వరకే. పైన చెప్పిన 36 సెషన్లు మొదలు కావాల్సింది ఆరు నెలల తర్వాత. పథకం గడువు ముగిసి అప్పటికి ఐదు నెలలు దాటుతుంది.

మరోవైపు, ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.15,000 పెన్షన్ ఇస్తున్నారు. ఆ కుటుంబాలకు అది ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. దాన్ని తగ్గించాలని ఎవరూ అనరు. కానీ లేవలేని మనిషికి నెలనెలా తోడ్పడే ప్రభుత్వం, లేవగలిగే మనిషిని మంచాన పడకుండా నిలబెట్టే సేవకూ అంతే స్పష్టంగా డబ్బు కేటాయించాలి కదా అన్నదే ప్రశ్న.

ఇంట్లో వాళ్లకు నేర్పిస్తే సరిపోదా?

ఫిజియోథెరపిస్టులు తక్కువ కాబట్టి కుటుంబ సభ్యులకే నేర్పి పంపిద్దాం అన్న ఆలోచన మంచిదే. దాన్ని మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. 'అటెండ్' పేరుతో దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది మీద జరిగిన ఈ అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంట్లో ఒకరికి శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయించమన్నారు. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు బృందాల్లోనూ 47 శాతమే. తేడా రాలేదు.

కుటుంబం ప్రేమ చూపలేదని దీని అర్థం కాదు. కోడలో, కొడుకో పక్కన నిలబడి 'చాలు నాన్నా, అలిసిపోతావు' అంటారు. ఎంత అలుపు మంచిదో, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి ఉన్నప్పుడే 'ఇంకో పది అడుగులు' అనే ధైర్యం వస్తుంది. వృత్తి నిపుణుల పనిని కుటుంబం మీదికి నెట్టేస్తే, అది ఇంట్లోవాళ్లకు భారమే తప్ప రోగికి వైద్యం కాదు.

మరి సాధ్యమయ్యే దారి ఏది?

దీనికి ఖరీదైన యంత్రాలే కావాలని లేదు. అమెరికా అధ్యయనంలోనే ఒక్కో సెషన్‌లో దాదాపు సగం నడక మామూలు నేల మీదే సాగింది. పొడవైన వరండా, గడియారం, బీపీ మిషన్, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు ఉంటే చాలా భాగం మొదలుపెట్టవచ్చు.

పైగా ఒక్కొక్కరికీ విడిగా చేయించాల్సిన పని కూడా లేదు. కొంతమందిని కలిపి, ఒకరి తర్వాత ఒకరిని వేర్వేరు కసరత్తుల దగ్గరికి పంపే బృంద శిక్షణతో నడక దూరం మెరుగవుతుందని 2017 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఒకే ఫిజియోథెరపిస్టు ఒకే గంటలో నలుగురైదుగురిని చూడగలిగితే లెక్క మారిపోతుంది.

పక్కనే తమిళనాడు ఉంది. 2021 ఆగస్టులో అక్కడ మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో బీపీ, షుగర్ మందులతో పాటు ఇంటి దగ్గర ఫిజియోథెరపీని కూడా చేర్చారు. 'ప్రజలను వెతుక్కుంటూ వైద్యం' అని ఆ పేరుకు అర్థం. ప్రభుత్వ వైద్యం డిశ్చార్జి గేటు దగ్గర ఆగనక్కర్లేదని చెప్పడానికి అంత దూరం వెళ్లాల్సిన పని లేదు.

మన దగ్గరా పునాది లేకపోలేదు. బీపీ, షుగర్, క్యాన్సర్, స్ట్రోక్‌లకు కేంద్రం నడిపే జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల్లో జిల్లా స్థాయి ఎన్‌సీడీ క్లినిక్‌కు ఫిజియోథెరపిస్టు పోస్టు ఉంది. ఆ పోస్టు భర్తీ అయిందా, స్ట్రోక్ రోగులకు వారంలో నిర్ణీత రోజులు కేటాయించారా అని అడిగే హక్కు మీకుంది.

మీరు చేయగలిగేది ఏమిటి?

డిశ్చార్జి రోజున 'ఫిజియోథెరపీ చేయించండి' అన్న ముక్కతో సరిపెట్టుకోకండి. వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, ఏ కసరత్తులు, ఏవి చేయకూడదు, మళ్లీ ఎప్పుడు చూపించాలి అన్నవి రాయించుకోండి.

ఆరోగ్యమిత్ర దగ్గర మీ పథకంలో డిశ్చార్జి తర్వాత ఏం వర్తిస్తుందో, ఎన్నాళ్లు వర్తిస్తుందో అడగండి. ఆస్పత్రిలో ఉన్నప్పుడే అడగండి. ఇంటికి వచ్చాక అడిగితే తిరగడమే మిగులుతుంది.

జిల్లా ఆస్పత్రి లేదా ప్రభుత్వ బోధనాస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఓపీ వేళలు కనుక్కోండి. ప్రైవేటులో ఇంటికి పిలిపిస్తున్నట్లయితే ఒక్కో విజిట్‌కు కడుతున్న మొత్తాన్ని 36తో గుణించి చూడండి. మధ్యలో ఆపేయకుండా ఎన్నాళ్లు కొనసాగించగలరో ముందే తెలుస్తుంది.

ఆరు నెలలు, ఏడాది దాటినవారు ఇంట్లో ఉంటే న్యూరాలజిస్టును ఈ ప్రశ్న అడగండి: 'గుండె పరీక్ష చేయించుకుంటే, పర్యవేక్షణలో కాస్త గట్టి వ్యాయామానికి ఈయన పనికొస్తారా?' పనికిరారని చెబితే మధ్యస్థ నడకైనా క్రమం తప్పకుండా చేయించండి. అమెరికా అధ్యయనంలో ఆ బృందం కూడా 44 మీటర్లు ముందుకు వెళ్లిందన్నది మర్చిపోకండి.

ప్రతివారం ఒకే చోట, ఒకే సమయంలో 6 నిమిషాల్లో ఎంత దూరం నడిచారో ఒక నోటు పుస్తకంలో రాయండి. పక్కన ఎవరైనా తోడుండాలి. ఆ అంకె పెరుగుతుంటే మందు పనిచేస్తున్నట్టే. పెరగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చూపించడానికి మీ చేతిలో లెక్క ఉంటుంది. 'ఇక రాదు' అనే మాట చెప్పాల్సింది ఆ లెక్క చూసిన వైద్యుడే. చుట్టాలు కాదు, క్యాలెండరూ కాదు.